మా రోజుల్లో నంబరు ఊరికే ఇచ్చేవాళ్లం కాదు

కోలారు జిల్లాలో ఒకప్పుడు ఫోను నంబరు చెప్తే చాలు, ఊరు చెప్పేసేవాళ్లం. 08152 అంటే కోలారు. 08153 అంటే బంగారుపేట, దానితోపాటే మా కేజీఎఫ్. 08151 మాలూరు, 08157 శ్రీనివాసపురం, 08159 ముళబాగిలు. చింతామణి, చిక్కబళ్లాపురం 2007లో మా నుంచి విడిపోయి వేరే జిల్లా అయ్యాయి గానీ, వాటి కోడ్లు 08154, 08156 ఇప్పటికీ మా వరసలోనే ఉన్నాయి. ఎవరో ఒక మనిషి కాగితం ముందు పెట్టుకుని, ఈ తాలూకాకు ఇది, పక్క తాలూకాకు ఇది అని ఆలోచించి ఇచ్చిన నంబర్లవి. జిల్లా గీతలు మారినా ఆ ఆలోచన చెరగలేదు.

నేను టెలిఫోన్ శాఖలో చేరింది ఎండీఎఫ్ పనికి. ఊరి కేబుళ్లన్నీ ఒకవైపు, ఎక్స్ఛేంజి పరికరాల తీగలు రెండోవైపు వచ్చి ఆగే పెద్ద ఇనుప చట్రం అది. రెండింటినీ కలిపేది జంపర్ తీగ. కొత్త కనెక్షన్ వచ్చిందంటే తీగ ముట్టుకునే ముందు రిజిస్టరు తీయాలి. ఏ వర్టికల్, ఏ ట్యాగు, ఏ క్యాబినెట్, ఏ డీపీ, ఏ పెయిరు. పెన్సిలుతోనే రాయాలి, ఎందుకంటే ఆ కనెక్షన్ తీసేసిన రోజున చెరిపి ఆ పెయిరును ఇంకొకరికి ఇవ్వాలి. రాయకుండా జంపర్ వేస్తే జూనియర్ ఇంజనీరు చట్రం ముందే నిలబెట్టి, "ఇది ఎవరిది? ఎందుకు వేశావు?" అని అడిగేవాడు. జవాబు లేకపోతే తీగ ఊడేది. 198కి కంప్లైంటు వచ్చినప్పుడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని లోపలికి పోయినవాడు కూడా ఆ రిజిస్టరును నమ్మి ఐదు నిమిషాల్లో లైను పట్టుకునేవాడు.

నంబరు విలువ నాకు అంతకు ముందే తెలుసు. మా నాన్న కేజీఎఫ్ ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో పనిచేశాడు. మూడు వేల మీటర్లు దాటిన లోతు ఆ గనిది. చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన కుటుంబాలతో నిండిన కార్మికుల లైన్ల ఇళ్లలో మేం పెరిగాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజారులో కన్నడం. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ ఒక బిల్ల ఉండేది, దాని మీద నంబరు. దిగేటప్పుడు తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగివ్వాలి. షిఫ్టు అయిపోయినా బోర్డు మీద ఒక మేకు ఖాళీగా ఉందంటే ఆ నంబరు మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. లోపల బండ పేలి రాక్ బరస్ట్ అయిన రోజున ఇళ్లల్లో ఉన్నవాళ్లకు కాళ్ల కింద నేల అదిరేది. ఆడవాళ్లు షాఫ్టు దగ్గరికి పరిగెత్తి ముందు అడిగేది బోర్డు సంగతే. ఒక బిల్ల ఇద్దరికిచ్చినా, ఒకరికి రెండు బిల్లలిచ్చినా ఆ బోర్డు అబద్ధం చెప్తుంది. అందుకే బిల్ల ఇచ్చే గుమాస్తా గనిలో దిగకపోయినా అతనంటే అందరికీ గౌరవం, కొంచెం భయం కూడా.

మా గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అదే ఏడాది జనవరిలో, ప్యాకెట్లను లేబుళ్లతో నడిపే ఎంపీఎల్ఎస్ నిర్మాణాన్ని చెప్పే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 3031 వచ్చింది. మే నెలలో, రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ, తను చెప్పే ప్రతి దారితోపాటు ఒక లేబుల్ కూడా ఎలా మోయాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 3107 వచ్చింది. రాసింది యాకోవ్ రెక్టర్, ఎరిక్ రోజెన్. ఈ రెక్టరే 1989లో కిర్క్ లౌహీడ్‌తో కలిసి భోజనాల బల్ల దగ్గర కాగితపు న్యాప్‌కిన్ల మీద బీజీపీ మొదటి రూపం గీసినవాడు. మా ఊళ్లో బిల్లలు ఆగిపోయిన సంవత్సరమే ప్రపంచం ప్యాకెట్లకు బిల్లలు కట్టే పద్ధతిని కాగితం మీద పెట్టింది. గని పిల్లలు మారికుప్పం బండెక్కి బెంగళూరు పోయి ఆ పనిలోనే చేరారు. నా సర్వీసు చివరి భాగం కూడా బెంగళూరులో రూటర్ల గదిలోనే గడిచింది. కాబట్టి నేను మాట్లాడేది నాకు తెలియని వస్తువు గురించి కాదు.

లేబుల్ అంటే ప్యాకెట్ నెత్తిన పెట్టే నంబరు. 20 బిట్లు, అంటే మొత్తం 10,48,576 నంబర్లు. 0 నుంచి 15 దాకా ప్రత్యేక పనులకు పక్కన పెట్టారు, మనకు దక్కేది 16 నుంచి. నంబరు నిర్ణయించేది ప్యాకెట్‌ను పంపే రూటర్ కాదు, అందుకునే రూటర్. "నా వెనక ఈ కస్టమర్ నెట్‌వర్కు ఉంది, దానికి పంపేవాళ్లు ఈ నంబరు వేసి పంపండి" అని అది బీజీపీ ద్వారా మిగతా రూటర్లకు చెప్తుంది. ఆ నంబరుతో ప్యాకెట్ వచ్చినప్పుడు లేబుల్ ఊడదీసి ఎటు పంపాలో తేల్చుకుంటుంది. ఈ రూటర్ ఇచ్చిన 30కీ పక్క రూటర్ ఇచ్చిన 30కీ ఏ సంబంధమూ లేదు. ఎవరు ఇచ్చారో వాళ్ల దగ్గరే దానికి విలువ. చాలా గొప్ప ఏర్పాటు. మా స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో కట్టుకున్న ఏ పద్ధతీ దీనికి సాటి రాదని నేను ఒప్పుకుంటాను. యంత్రం మీద నాకు ఏ కోపమూ లేదు.

కోపమల్లా ఆ యంత్రానికి నంబర్లు ఎలా ఇవ్వాలో చెప్పాల్సిన మనిషి చెప్పడం మానేశాడని.

తమ ఆఫీసులను ప్రొవైడర్ నెట్‌వర్కు మీదుగా విడిగా కలుపుకునే వీపీఎన్ కస్టమర్ల దారులకు లేబుళ్లు ఇవ్వడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది పర్-ప్రిఫిక్స్: ప్రతి దారికీ ఒక లేబుల్. రెండోది పర్-సీఈ: కస్టమర్ వైపున్న ఒక్కో నెక్స్ట్ హాప్‌కు ఒక లేబుల్, దాని వెనక ఎన్ని దారులున్నా అదే నంబరు. మూడోది పర్-వీఆర్ఎఫ్: వీఆర్ఎఫ్ అంటే రూటర్‌లో ఆ కస్టమర్‌కు విడిగా ఉండే దారుల పట్టిక, ఆ పట్టిక మొత్తానికి ఒకే లేబుల్. మొదటి రెండింటిలో లేబుల్ చూడగానే రూటర్‌కు ఎటు పంపాలో తెలిసిపోతుంది. మూడోదానిలో లేబుల్ తీశాక కస్టమర్ పట్టిక తెరిచి ఐపీ అడ్రసు ఇంకోసారి వెతకాలి. మొదటిది నంబర్లు విపరీతంగా తింటుంది, మూడోది దాదాపు ఏమీ తినదు. ఇంతే అయితే అందరూ మూడోదే పెట్టుకోవచ్చు. కానీ ఒక కస్టమర్ ఆఫీసు ప్రొవైడర్ అంచున ఉండే రెండు పీఈ రూటర్లకు తగిలి ఉందనుకోండి. బ్యాకప్ దారి ముందే సిద్ధంగా పెట్టుకున్న చోట మొదటి లింకు తెగితే ఆ పీఈ ప్యాకెట్లను రెండో పీఈకి తోస్తుంది. సరిగ్గా అప్పుడే రెండోదాని లింకు కూడా తెగి ఉంటే, పర్-వీఆర్ఎఫ్ లేబుల్‌తో వచ్చిన ప్యాకెట్‌కు అది పట్టిక వెతికి, మళ్లీ మొదటిదానికే తిప్పి పంపుతుంది. బీజీపీ సర్దుకునేదాకా ప్యాకెట్లు ఆ రెండింటి మధ్య తిరుగుతూనే ఉంటాయి. ఇంకొకటి: ఆ కస్టమర్ తనే ఇంకో సర్వీస్ ప్రొవైడర్ అయి, తన లేబుళ్లను మీ నెట్‌వర్కు మీదుగా మోయించుకుంటుంటే, ఐపీ వెతికే పద్ధతి అక్కడ పనికిరాదు. ఒక్కో చోటికి ఒక్కో పద్ధతి. ఎక్కడ ఏది అన్నది కస్టమర్‌ను ఎరిగిన మనిషే చెప్పాలి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పెట్టె ఏ పద్ధతితో వచ్చిందో ఆ పద్ధతే. సిస్కో ఐఓఎస్ పెట్టెను వదిలేస్తే ప్రతి దారికీ ఒక లేబుల్ ఇస్తుంది. జూనిపర్ పెట్టె నెక్స్ట్ హాప్‌కు ఒకటి ఇస్తుంది, పట్టిక మొత్తానికి ఒకటే కావాలంటే వీఆర్ఎఫ్-టేబుల్-లేబుల్ అని మనం రాయాలి. ఒకే నెట్‌వర్కులో రెండు కంపెనీల పెట్టెలున్నాయంటే, ఏ మనిషీ తేల్చకుండానే రెండు పద్ధతులు నడుస్తున్నాయన్నమాట. అడిగితే "డిఫాల్ట్" అంటారు. మా ఎండీఎఫ్ మీద ఆ జవాబు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

మా మేనల్లుడు బెంగళూరులో ఒక సర్వీస్ ప్రొవైడర్ దగ్గర రూటర్లు చూస్తాడు. చురుకైనవాడు, నైటు షిఫ్టులో నిద్రపోయే రకం కాదు. ఒక ఆదివారం రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుని, "మామా, మొన్న మధ్యాహ్నం మాకు పెద్ద గొడవ అయిపోయింది" అన్నాడు. వాళ్ల పాత పీఈ రూటర్ ఒకటి, లేబుల్ పరిధి 16 నుంచి లక్ష దాకా. నిండిపోవస్తోందని హెచ్చరికలు పడుతున్నాయట. పై అధికారి పర్-వీఆర్ఎఫ్‌కు మార్చేయమన్నాడట. వీడు అన్నిటికీ కలిపి ఆల్-వీఆర్ఎఫ్స్ అని ఒకే లైను కొట్టాడు, అదీ పట్టపగలు. ఆ మాట ఒక్కటి పడగానే రూటర్ అంతవరకూ ఇచ్చిన వీపీఎన్ లేబుళ్లన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి పంచడం మొదలుపెట్టింది. దేశంలో మిగతా పీఈలన్నీ కొత్త నంబర్లు నేర్చుకునేదాకా కస్టమర్ల బ్రాంచీలు ఆగిపోయాయి. అందులో ఒక బ్యాంకు ఉందట, నగదు కౌంటర్ల దగ్గర జనం నిలబడిపోయారట.

"ఎవురు చెప్పినారు అన్నిటికీ కలిపి కొట్టమని?" అన్నాను.

"అట్లా చెప్పలేదు మామా. మార్చమన్నారు, అంతే. పాత టికెట్టులో ఆ లైనే ఉంది, అదే అతికించినాను."

"నిండగొట్టింది ఏ కస్టమరు?"

తెలియదన్నాడు. అప్పుడు చూపించమన్నాను. మార్పుకు ముందు దాచుకున్న ఫార్వార్డింగ్ పట్టిక ఉంది. లోకల్ లేబుల్ గడిలో నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతూ పోతున్నాయి. అవుట్‌గోయింగ్ గడిలో ప్రతి లైనుకూ "నో లేబుల్". ప్రిఫిక్స్ గడిలో ఒకే కస్టమర్ అడ్రసులు, 24 మాస్కుతో, వెనక వీపీఎన్ గుర్తు. ఇంటర్‌ఫేస్ గడిలో అన్నిటికీ ఒకటే పోర్టు. నెక్స్ట్ హాప్ గడిలో అన్నిటికీ ఒకటే అడ్రసు. వేలు పెట్టి కిందికి దించుతూ పోయాను. పేజీలు మారుతున్నాయి, నంబర్లు మారుతున్నాయి, తలుపు మాత్రం ఒకటే. ఒకే తలుపు గుండా బయటికి పోయే దారులకు వేల కొద్దీ నంబర్లు ఖర్చు పెట్టి కూర్చుంది ఆ పెట్టె. ఆ ఒక్క కస్టమర్‌కు, ఆ ఒక్క వీఆర్ఎఫ్ పేరు రాసి, రాత్రి మెయింటెనెన్స్ సమయంలో మార్చి ఉంటే సరిపోయేది. కమాండ్‌లో వీఆర్ఎఫ్ పేరు రాసే చోటు ఉంది. ఎవరూ వాడుకోలేదు. మా మేనల్లుణ్ణి నేను తిట్టలేదు. వాడికి ఆ పట్టిక చదవడం ఎవరూ నేర్పలేదు. హెచ్చరిక పడిన రోజున ముందు పట్టిక తెరవాలని చెప్పిన పెద్దమనిషి ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. టికెట్టు మూయడానికి ఇచ్చిన గడువు మాత్రం అందరికీ తెలుసు.

ఈ "ఆల్" అనే మాటంటేనే నాకు ఒళ్లు మండుతుంది. సిస్కోవే అయిన ఐఓఎస్ ఎక్స్ఆర్ పెట్టెల్లో మామూలు ఐపీవీ4 దారులకు బీజీపీ లేబుల్ ఇవ్వాలంటే అలొకేట్-లేబుల్ అని మనం రాయాలి, రాయకపోతే ఇవ్వదు. ఇది తయారుచేసినవాళ్లు మనిషిని ఆగి ఆలోచించమని పెట్టిన గడప. ఆ మాట తర్వాత రూట్-పాలసీ పేరు రాయొచ్చు, లేదా ఆల్ అని రాయొచ్చు. నిజానికి లేబుల్ కావలసింది పీఈ రూటర్ల లూప్‌బ్యాక్ అడ్రసులకు, 32 మాస్కుతో ఉండేవాటికి. వీపీఎన్ ప్యాకెట్లు చేరాల్సింది అక్కడికే. రెండు రూటర్ల మధ్య లింకు అడ్రసులకు, మేనేజ్‌మెంటు అడ్రసులకు లేబుల్ ఎందుకు? ఒక చిన్న పాలసీ, అందులో లూప్‌బ్యాక్‌ల పరిధి, నాలుగు లైన్ల పని. ఆ నాలుగు లైన్లు రాయడానికి బద్ధకించి ఆల్ అని కొడతారు. అవతలి పక్క నైబర్‌కు లేబుల్డ్-యూనికాస్ట్ ఫ్యామిలీ పెట్టారో లేదో చూడరు. ఎక్స్ఆర్ పెట్టె నుంచి పక్క సంస్థ రూటర్‌తో లేబుళ్లు ఇచ్చిపుచ్చుకుంటుంటే నైబర్ అడ్రసుకు 32 మాస్కుతో స్టాటిక్ రూటు కావాలన్నది మరిచిపోతారు. బీజీపీ సెషన్ నిలబడి ఉంటుంది, దారులు కనిపిస్తుంటాయి, ప్యాకెట్ మాత్రం పోదు. అప్పుడు తెల్లవార్లూ అవతలి సంస్థతో కాన్ఫరెన్సు కాల్.

నంబర్లు బోలెడున్నాయి కదా, పొదుపెందుకు అంటారు కుర్రాళ్లు. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ పట్టిక 5,12,000 దారులు దాటినప్పుడు పాత రూటర్లు చాలాచోట్ల చతికిలబడ్డాయి. అందరికీ ముందే తెలిసిన హద్దు అది. తెలిసీ తప్పించుకోలేకపోయారు. ఇప్పుడా పట్టిక పది లక్షల ప్రాంతానికి చేరింది. ఎవరైనా ఇంటర్నెట్ పట్టిక మొత్తాన్ని తెచ్చి ఒక వీఆర్ఎఫ్‌లో పెట్టి, లేబుల్ పద్ధతి ముట్టుకోకుండా పర్-ప్రిఫిక్స్‌లో వదిలేశాడనుకోండి. 20 బిట్ల లేబుళ్లు 10,48,576 మాత్రమే అని ఇందాక చెప్పాను. పైగా ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో పెట్టె తనంతట తనే ఇచ్చే లేబుళ్లు 24000 నుంచి మొదలవుతాయి. కింద 16000 నుంచి 23999 దాకా సెగ్మెంట్ రూటింగ్‌కు కేటాయించారు. ఇక మిగిలిన కస్టమర్లకు ఏముంటుంది? కూడికలు, తీసివేతలు వచ్చినవాడు చేయాల్సిన లెక్క ఇది. దీనికి సర్టిఫికెట్టు అక్కర్లేదు.

నంబరు కేటాయింపు మీద శ్రద్ధ పెట్టినవాళ్లు ఈ కాలంలోనూ లేకపోలేదు. అది చెప్పకపోతే అన్యాయం. 2007 జనవరిలో దూరదూరాన ఉన్న ఆఫీసులన్నిటినీ ఒకే లాన్‌గా కలిపే వీపీఎల్ఎస్ మీద రెండు ఆర్ఎఫ్‌సీలు పక్కపక్క నంబర్లతో వచ్చాయి. బీజీపీతో చేసే పద్ధతి 4761, ఎల్‌డీపీతో చేసే పద్ధతి 4762. మొదటిదాని మీద కిరీటి కొంపెల్ల, యాకోవ్ రెక్టర్ పేర్లు, రెండోదాని మీద మార్క్ లాసెర్‌తోపాటు ఇంకో కొంపెల్ల పేరు. ప్రపంచమంతా పాటించే రెండు పత్రాల మీద మన వైపు ఇంటిపేరు చూసుకుని నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ 4761లో లేబుళ్లను ఒక్కొక్కటిగా పంచరు, దిమ్మెలుగా పంచుతారు. లాన్‌లో ఒక ఫ్రేమ్ వస్తే అది ఏ పీఈ నుంచి వచ్చిందో తెలియాలి, లేకపోతే మ్యాక్ అడ్రసు ఎక్కడుందో నేర్చుకోలేరు. అందుకని ప్రతి పీఈకీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఒక పీఈ, "నా లేబుళ్లు 1000 నుంచి మొదలు, 1వ నంబరు పీఈ నుంచి లెక్క, మొత్తం ఎనిమిది" అని ఒక్కసారి అందరికీ ప్రకటిస్తుంది. 3వ నంబరు పీఈ తనంతట తనే లెక్క కట్టుకుంటుంది: 1000 కి 3 కలిపి 1 తీసేస్తే 1002. ఇక 1002తో వచ్చిన ప్రతి ఫ్రేమూ మూడో పీఈ పంపిందే, అడగనక్కర్లేదు. లేబుల్ చూస్తే మనిషి తెలుస్తాడు. మా నాన్న గని దగ్గర బోర్డు చేసిన పని ఇదే. కాకపోతే ఇక్కడ కూడా దిమ్మె ఎంత పెద్దది, గుర్తింపు సంఖ్యలు ఏ వరసలో అన్నది మనిషే నిర్ణయించాలి. 1, 2, 3 అని వరసగా ఇస్తే ఒక దిమ్మెతో పోతుంది. ఒక ఊరికి 7, ఇంకో ఊరికి 512, మరో ఊరికి 9000 అని నోటికొచ్చింది ఇచ్చుకుంటూ పోతే దూరదూరంగా దిమ్మె మీద దిమ్మె పుట్టించాల్సిందే.

2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి ఒకే రోజు 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. నేను అంతకు ముందే బయటికొచ్చాను. దేశమంతటా రిజిస్టరు పట్టుకుని పని నేర్చిన తరం ఆ రోజుతో చాలావరకు ఇళ్లకు చేరింది. వాళ్లలో చాలామందికి రూటర్ కమాండ్లు రావు, నిజమే. కానీ నంబరు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగడం వచ్చు. ఎవరికి, ఎందుకు, తీసేసేదెప్పుడు. ఆ మూడూ కమాండ్ల కంటే ముందు నేర్పాల్సినవి. ఇప్పుడు శిక్షణలో వాటికి ఒక్క పూట కూడా కేటాయించరు.

మా మేనల్లుడు ఆ ఆదివారం నుంచి తను చూసే రూటర్లకు ఒక పట్టిక మొదలుపెట్టాడు. రూటర్ పేరు, లేబుల్ పరిధి, ఇప్పటికి ఎన్ని వాడారు, ఏ వీఆర్ఎఫ్‌కు ఏ పద్ధతి, ఆ పద్ధతి ఎవరు ఎందుకు పెట్టారు. చివరి గడి నింపడానికే తిప్పలు పడుతున్నాడు. పాత ఇంజనీర్లకు ఫోన్లు చేస్తే కొందరు ఉద్యోగం మారిపోయారు, కొందరు డిఫాల్ట్ అని ఫోన్ పెట్టేస్తున్నారు. వాడూ అదే మాట గడిలో రాసి నాకు చూపించాడు. కొట్టేయమన్నాను. డిఫాల్ట్‌ను అలాగే ఉంచాలని ఎవరు అనుకున్నారో ఆ పేరు రాయాలి. ఎవరూ అనుకోలేదని తేలితే, కస్టమర్ ఎలా తగిలి ఉన్నాడో చూసి వాడే ఇవాళ ఒక నిర్ణయానికి వచ్చి, అక్కడ తన పేరూ తేదీ వేసుకోవాలి.